తూనీగల లెక్క రాసిన సైనిక వైద్యుడు: ఫ్రెడరిక్ ఫ్రేజర్

పశ్చిమ కనుమల్లో కొత్త తూనీగ జాతి దొరికిందన్న వార్త అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. కేరళ నుంచో, కొడగు నుంచో, కొంకణ్ తీరం నుంచో ఓ యువ పరిశోధకుల బృందం ఫొటోతో సహా ప్రకటన ఇస్తుంది. పత్రికలు నాలుగు పేరాలు రాసి వదిలేస్తాయి. ఆ వార్త వెనకున్న పరిశోధన పత్రాన్ని తెరిచి చూస్తే మాత్రం ఒక పేరు దాదాపు తప్పకుండా కనిపిస్తుంది: ఫ్రేజర్. కొత్తగా దొరికింది నిజంగా కొత్తదేనా అని తేల్చడానికి ఇప్పటికీ ముందుగా పోల్చి చూసేది ఆయన వర్ణనలతోనే. ఆయన పుస్తకం వెలువడి తొంభై ఏళ్లు దాటినా ఆ అవసరం తీరలేదు.

ఫ్రెడరిక్ చార్లెస్ ఫ్రేజర్ వృత్తిరీత్యా కీటక శాస్త్రవేత్త కాదు. ఆయన డాక్టరు. బ్రిటిష్ పాలనలో ఇండియన్ మెడికల్ సర్వీసులో సర్జన్‌గా పనిచేసి లెఫ్టినెంట్ కల్నల్ హోదాకు ఎదిగినవాడు. జీతం వైద్యానికి, తీరిక తూనీగలకు. ఆ తీరిక వేళల్లో చేసిన పనితోనే భారత ఉపఖండపు తూనీగలకు తొలి సమగ్ర జాబితా, తొలి గుర్తింపు గ్రంథం తయారయ్యాయి.

డాక్టర్ల చేతిలో ఉన్న శాస్త్రం

ఫ్రేజర్ 1880 ఫిబ్రవరి 15న ఇంగ్లండ్‌లోని వూలిచ్‌లో పుట్టాడు. ఆయన ఈ రంగంలోకి వచ్చేటప్పటికి భారతదేశపు తూనీగల గురించి రాసిన వాళ్లలో చాలామంది భారతదేశాన్ని చూడనివాళ్లు. 18వ శతాబ్దం చివర్లో డెన్మార్క్ పండితుడు ఫాబ్రిసియస్, 1842లో ఫ్రాన్స్‌కు చెందిన రాంబర్, ఆ తర్వాత బెల్జియం ప్రభువు సెలీ లాంగ్‌షాంప్, జర్మన్ పండితుడు హాగెన్, వీళ్లంతా యూరప్‌లో కూర్చుని, ఓడల్లో వచ్చిన ఎండిన నమూనాలను చూసి పేర్లు పెట్టినవాళ్లే. సెలీ లాంగ్‌షాంప్ ఒక వైపు బెల్జియం సెనేట్‌కు అధ్యక్షత వహిస్తూనే ప్రపంచం నలుమూలల తూనీగలనూ వర్గీకరించాడు. 1900లో ఆయన చనిపోయేనాటికి ఈ రంగంలో ఆయనకు సాటి వచ్చేవాడు లేడు.

ఇంకో విశేషం, ఈ శాస్త్రాన్ని మోసినవాళ్లలో డాక్టర్లు ఎక్కువ. రాంబర్ డాక్టరు. హాగెన్ డాక్టరు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్రీడ్రిక్ రిస్ మానసిక వైద్యుడు. కలకత్తా ఇండియన్ మ్యూజియం నమూనాల మీద 1915 ప్రాంతంలో ముఖ్యమైన పత్రాలు రాసిన లైడ్‌లా కూడా వైద్యుడే. శరీర నిర్మాణాన్ని సూక్ష్మంగా చూడటం అలవాటైన కళ్లకు తూనీగ రెక్కలోని ఈనెల అల్లిక ఒక ఆకర్షణ అయి ఉండాలి. ఫ్రేజర్ ఆ వరుసలోనే వచ్చాడు. అయితే ఆయనకు వాళ్లలో చాలామందికి లేని సౌలభ్యం ఒకటుంది. ఆయన ఇక్కడే ఉన్నాడు.

అది చిన్న తేడా కాదు. సీతాకోకచిలుక చచ్చినా దాని రంగు నిలుస్తుంది. తూనీగ రంగు నిలవదు. బతికున్నప్పుడు నీలం, ఆకుపచ్చ, ఎరుపు మెరిసే దేహం ఎండగానే గోధుమ రంగులోకి, నలుపులోకి మారిపోతుంది. కళ్ల రంగు ముందే పోతుంది. యూరప్ చేరిన పెట్టెల్లో ఉన్నవి తూనీగల అస్థిపంజరాల్లాంటివే. అది ఏ వాగు మీద ఎగురుతుంది, ఎండలోనా నీడలోనా, ఎండాకాలంలోనా వానల్లోనా, మగది తన చోటును ఎలా కాపాడుకుంటుంది, ఆడది గుడ్లు ఎక్కడ పెడుతుంది అన్నవి ఆ పెట్టెల్లో దొరకవు. ఫ్రేజర్ వాటిని చూసి రాశాడు.

వానలో అడవి

1918లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఆయన ‘ఇండియన్ డ్రాగన్‌ఫ్లైస్’ పేరుతో వ్యాసాల వరుస మొదలుపెట్టాడు. ఆ పత్రికను చదివేది ప్రొఫెసర్లు మాత్రమే కాదు, అటవీ అధికారులు, కాఫీ తోటల యజమానులు, సైన్యంలో పనిచేసేవాళ్లు కూడా. అలాంటి ఔత్సాహికులు కూడా తూనీగను చేతిలో పట్టుకుని పేరు చెప్పగలిగేలా ఆ వ్యాసాలు సాగాయి.

ఆయన దృష్టి ఎక్కువగా నిలిచింది పశ్చిమ కనుమల మీద: కొడగు, వైనాడు, నీలగిరులు, మలబారు, తిరువాన్కూరు. ఆ కొండల ప్రత్యేకతను ఆయన అంకెల్లో కాకుండా జాతుల్లో చూపించాడు. 1924లో కలకత్తా ఇండియన్ మ్యూజియం ప్రచురించే ‘రికార్డ్స్’లో పశ్చిమ భారత తూనీగల సర్వే ప్రచురించాడు. ఒక్క పత్రం, వంద పేజీలు, 30 కొత్త జాతులు. వాటిలో చాలా భాగం ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి.

ఆయన పెట్టిన పేర్లు చదివితే దక్షిణ భారత భూగోళం కళ్ల ముందు కదులుతుంది. 1918లో ఇడియోనిక్స్ నీల్గిరియెన్సిస్. 1923లో గోంఫిడియా కొడగుయెన్సిస్. 1924లో వైనాడు పేరుతో మాక్రోగోంఫస్ వైనాడికస్. 1931లో తిరువాన్కూరు పేరుతో ఇంకో ఇడియోనిక్స్. ఈ ఇడియోనిక్స్ తూనీగల సంగతే వేరు. చెరువు గట్టున ఎండలో తిరిగే మామూలు తూనీగల్లా కాకుండా ఇవి నైరుతి రుతుపవనాల కాలంలో, దట్టమైన చెట్ల నీడల్లో ఎగురుతాయి. సాధారణంగా కీటకాల వేటకు వెళ్లేవాళ్లు ఎండాకాలంలో వెళ్లి వానలకు ముందే వెనక్కి వచ్చేస్తారు. అలా చేస్తే పశ్చిమ కనుమల తూనీగల్లో ఒక ముఖ్యమైన భాగం అసలు కంటబడదు. జోరు వానలో, జలగల మధ్య అడవిలోకి వెళ్లేవాడికే అవి దొరుకుతాయి.

పేర్ల రాజకీయం కూడా ఇక్కడే కనిపిస్తుంది. మనుషుల పేరుతో ఆయన పెట్టిన జాతుల్లో ఎక్కువ భాగం యూరోపియన్ పండితులకో, ఇక్కడి బ్రిటిష్ అధికారులకో అంకితం. కొడగు కమిషనర్‌గా పనిచేసిన హానింగ్టన్ పేరు ఒక జాతికి దక్కింది. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన కాంపియన్‌కు ఒకటి, స్కాట్లాండ్‌కు చెందిన మోర్టన్‌కు ఒకటి, స్విస్ వైద్యుడు రిస్‌కు ఒకటి. ఆ అడవుల్లో ఏ వాగు ఎక్కడుందో తెలిసిన స్థానికుల జాడ మాత్రం ఈ పేర్ల జాబితాలో వెతికినా దొరకడం కష్టం. అది ఫ్రేజర్ ఒక్కడి లోపం కాదు, ఆ కాలపు శాస్త్రం నడిచిన తీరే అంత. కానీ ఆయన్ను గుర్తు చేసుకునేటప్పుడు ఆ సంగతి పక్కన పెట్టకూడదు.

ఆ పేర్లలో ఒక స్నేహం కథ కూడా ఉంది. 1920లో లైడ్‌లా పశ్చిమ కనుమల సెలయేళ్ల మీద ఎగిరే ఓ సన్నతూనీగకు ఫ్రేజర్ పేరు పెట్టాడు. అదే యుఫియా ఫ్రేజరి. నాలుగేళ్లకు ఫ్రేజర్ ఆ బాకీ తీర్చాడు. అవే కొండల్లో దొరికిన ఇంకో అందమైన చిన్న జాతికి లైడ్‌లా పేరు పెట్టాడు. అది మిగతావాటికి భిన్నమైనదని తర్వాత గ్రహించి 1928లో దానికోసం కాలోసైఫా అనే కొత్త ప్రజాతినే ఏర్పరిచాడు. ఆ ప్రజాతిలో ఇప్పటికీ ఆ ఒక్క జాతే ఉంది. పశ్చిమ కనుమలు తప్ప దానికి వేరే ఇల్లు లేదు.

మూడు సంపుటాలు

పదిహేనేళ్ల ఈ వ్యాసాల పని చివరకు ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ గ్రంథమాలలో మూడు సంపుటాలుగా వెలువడింది. లండన్‌లోని టేలర్ అండ్ ఫ్రాన్సిస్ వాటిని 1933, 1934, 1936 సంవత్సరాల్లో ప్రచురించింది. నేటి భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మయన్మార్ అన్నీ వాటి పరిధిలోకి వచ్చాయి. అందుకే ఈ దేశాల్లో ఎక్కడ తూనీగల మీద పని మొదలుపెట్టినా ఆ మూడు సంపుటాల నుంచే మొదలుపెట్టాలి. రాజకీయంగా ఐదు దేశాలైన ప్రాంతానికి తూనీగల విషయంలో మాత్రం ఉమ్మడి పునాది గ్రంథం ఒకటే.

తూనీగలను ఎలా విడదీస్తారో తెలిస్తే ఆ పుస్తకం విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. తెలుగులో మనం అన్నిటినీ తూనీగలనే అంటాం. శాస్త్రం వాటిని ముందు రెండుగా విడదీస్తుంది. వాలినప్పుడు రెక్కలు చాపి ఉంచే బలిష్ఠమైనవి డ్రాగన్‌ఫ్లైలు. సూదిలా సన్నగా ఉండి, చాలావరకు రెక్కలు వీపు మీద మడిచి కూర్చునేవి డామ్‌సెల్‌ఫ్లైలు, అంటే సన్నతూనీగలు. ఆ తర్వాత రెక్కలోకి వెళ్లాలి. ముందు అంచు మధ్యలో కణుపు లాంటి చోటు ఎక్కడుంది, దానికి ముందు ఎన్ని అడ్డ ఈనెలు, తర్వాత ఎన్ని, రెక్క మొదట్లో ఉండే గడి త్రికోణమా చతుర్భుజమా, రెక్క చివరి మచ్చ ఏ రంగు అన్న ప్రశ్నలకు జవాబులు చెబుతూ వెళితే కుటుంబం, ప్రజాతి తేలతాయి. జాతి తేలాలంటే మగ తూనీగ తోక చివర ఉండే కొక్కేలను చూడాలి. జతకట్టేటప్పుడు ఆడదాన్ని పట్టుకునే పటకార్లు అవి. ఒక్కో జాతికి ఒక్కో ఆకారం, తాళానికి తగ్గ తాళంచెవిలా. ఫ్రేజర్ సంపుటాల్లో ఈ గుర్తులన్నీ మెట్టు మెట్టుగా దిగే పట్టికలుగా, గీతబొమ్మలతో ఉన్నాయి.

రెక్క చెప్పిన చరిత్ర

జాతుల పేర్లతో ఫ్రేజర్ ఆగిపోలేదు. ఇన్ని రకాల తూనీగలకు మూలం ఏమిటన్న ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. ఆస్ట్రేలియాలో పనిచేసిన రాబిన్ టిల్యార్డ్ అదే ప్రశ్నతో కుస్తీ పడుతున్నాడు. రెక్కల ఈనెలను శిలాజాల రెక్కలతో పోలుస్తూ తూనీగల గణం మొత్తాన్నీ తిరిగి వర్గీకరించాలన్నది టిల్యార్డ్ ఆలోచన. 1937 జనవరిలో కారు ప్రమాదంలో ఆయన చనిపోయాడు. సగంలో ఆగిన ఆ పనిని ఫ్రేజర్ పూర్తిచేశాడు. 1938 నుంచి 1940 మధ్య అది ఇద్దరి పేరుతో ఆస్ట్రేలియాలో భాగాలుగా వెలువడింది. ఆపైన 1957లో, తన 77వ ఏట, ఫ్రేజర్ ఆ వర్గీకరణకు తుదిరూపం ఇస్తూ మరో గ్రంథం తెచ్చాడు.

ఈ కథలో హిమాలయాలకు ఒక పాత్ర ఉంది. డార్జిలింగ్ ప్రాంతపు వాగులో 1918లో ఓ తూనీగ పిల్లపురుగు దొరికింది. డ్రాగన్‌ఫ్లైలకు, సన్నతూనీగలకు మధ్యస్థంగా ఉండే పురాతన వర్గానికి చెందినదిగా దాన్ని గుర్తించిన టిల్యార్డ్ 1921లో దానికి కూడా లైడ్‌లా పేరే పెట్టాడు. అదే ఎపియోఫ్లెబియా లైడ్‌లావి. రెక్కలు వచ్చిన తూనీగ శాస్త్రవేత్తల కంటపడటానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. పేరు పెట్టింది పిల్లకు, పెద్దది ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. చల్లటి కొండ వాగుల్లో ఏళ్ల తరబడి పిల్లపురుగుగానే బతికే ఈ జాతి తూనీగల వంశవృక్షం గురించి ఆలోచించే ప్రతి ఒక్కరికీ కీలకమైన ఆధారం.

ఫ్రేజర్ గీసిన వంశవృక్షం ఇప్పుడు ఎంతవరకు నిలిచింది? కొంతే. సన్నతూనీగల నుంచే డ్రాగన్‌ఫ్లైలు పుట్టుకొచ్చాయని ఆయన భావించాడు. ఈ రెండూ వేర్వేరు కొమ్మలని ఇవాళ్టి డీఎన్ఏ అధ్యయనాలు చెబుతున్నాయి. రెక్కలో ఈనెలు బాగా తగ్గిపోయిన సన్నతూనీగలన్నిటినీ ఆ తరం పండితులు ఒకే బంధువర్గంగా చూశారు. ఈనెలు తగ్గడమన్నది వేర్వేరు ఖండాల్లో వేర్వేరుగా జరిగిందని డీఎన్ఏ తేల్చింది. దాంతో మన పశ్చిమ కనుమల సన్నతూనీగలు కొన్ని దక్షిణ అమెరికా ‘బంధువుల’ నుంచి విడిపోయి మరో కుటుంబంలోకి మారాయి. 2014లో సన్నతూనీగల కుటుంబాల పునర్విభజన జరిగింది ఈ ఆధారాలతోనే. ఆస్ట్రేలియాలోని హెమిఫ్లెబియా అనే చిన్న సన్నతూనీగ చాలా పురాతన శాఖ అన్న ఆయన ఊహకు మాత్రం ఇవాళ్టి అధ్యయనాల్లో కొంత బలం దొరికింది.

జాతుల స్థాయిలో కూడా ఆయన లెక్కలో తప్పులున్నాయి. ఒకటో రెండో నమూనాలు చూసి కొత్త జాతిగా ప్రకటించిన సందర్భాలు ఉన్నాయి. వాటిలో కొన్ని తర్వాత పాత జాతులకే మరో పేర్లని తేలాయి. అలాగే ఆయన ఒకే జాతి అనుకున్న చోట రెండు మూడు జాతులు దాగున్నాయని ఇటీవలి పరిశోధకులు చూపుతున్నారు. కానీ ఆయన తప్పును తప్పని నిరూపించగలుగుతున్నది కూడా ఆయన నమూనాలను, వర్ణనలను, దొరికిన చోటును వివరంగా రాసిపెట్టడం వల్లే. ఆయన పట్టిన అనేక నమూనాలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. అంటే కొడగు తూనీగ గుర్తింపులో సందేహం వస్తే లండన్ వైపు చూడాల్సిన పరిస్థితి ఇంకా ఉంది. ఆ మ్యూజియంలోని నమూనాల ఫొటోలు ఆన్‌లైన్‌లోకి వచ్చేకొద్దీ ఆ దూరం కాస్త తగ్గుతోంది.

చివరిదాకా అదే పని

ఉద్యోగ విరమణ తర్వాత ఫ్రేజర్ ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బోర్న్‌మత్‌లో స్థిరపడ్డాడు. పని మానలేదు. 1949లో బ్రిటన్ తూనీగలకు రాయల్ ఎంటమలాజికల్ సొసైటీ గుర్తింపు పుస్తకం రాశాడు. 1956లో మడగాస్కర్ డ్రాగన్‌ఫ్లైల గ్రంథం వచ్చింది. 1959లో, దాదాపు 80 ఏళ్ల వయసులో, బ్రిటన్‌లోని మరికొన్ని కీటక గణాల మీద ఇంకో చేతిపుస్తకం తెచ్చాడు. 1963 మార్చి 2న, 83వ ఏట కన్నుమూశాడు.

ఇవాళ ఫ్రేజర్ ఎందుకు ముఖ్యం? పేర్ల కోసం మాత్రమే అయితే ఆయన్ను నిపుణులకు వదిలేయవచ్చు. తూనీగ జీవితంలో ఎక్కువ భాగం నీళ్లలోనే. రెక్కలతో మనకు కనిపించేది చివరి కొద్ది రోజులో వారాలో. కాబట్టి వాగు ఆరోగ్యం చెడితే ముందుగా తెలిసేది అందులోని ఈ పిల్లపురుగులకే. దోమల లార్వాలను తినేవీ ఇవే. 1897లో సికింద్రాబాద్‌లో మలేరియా గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్ కూడా ఫ్రేజర్ లాగే ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు. అదే సర్వీసులో ఒకరు దోమ కథ విప్పితే, ఒకరు దోమను తినే ప్రాణి లెక్క రాశారు.

2021లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సమాఖ్య ప్రపంచ తూనీగల తొలి పూర్తి మదింపు విడుదల చేసింది. పరిశీలించిన 6,016 జాతుల్లో 16 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని తేల్చింది. చిత్తడి నేలలు, వాగులు పాడవడం ప్రధాన కారణం. ముప్పు ఉందని చెప్పాలంటే ముందు ఒకప్పుడు ఎక్కడ ఏముండేదో తెలియాలి. పశ్చిమ కనుమల విషయంలో ఆ ‘ఒకప్పుడు’ మనకు తెలిసింది ప్రధానంగా ఫ్రేజర్ వల్ల. ఫలానా వాగులో వందేళ్ల కిందట ఫలానా జాతి ఉండేదని ఆయన రాసిపెట్టాడు. ఇవాళ అక్కడికి వెళ్లి చూసి, ఉందో లేదో చెప్పగలం. అక్కడ ఆనకట్ట వచ్చిందా, కాఫీ తోట వచ్చిందా, అడవి మిగిలిందా అన్నదాన్ని బట్టి జరిగిన నష్టాన్ని కొలవగలం.

ఇలాంటి పునాది లేని జీవులు ఏమవుతాయో చూడాలంటే మేఫ్లైల వైపు చూడాలి. తూనీగల్లాగే ఇవి కూడా రెక్కలను పొట్ట మీదికి మడవలేని అతి ప్రాచీన రెక్కల పురుగులు. పిల్లదశ నీళ్లలో గడిచేవే. శుభ్రమైన నీటికి తూనీగలకన్నా సున్నితమైన సూచికలు. కానీ ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’లో మేఫ్లైలకు సంపుటమే లేదు. జువలాజికల్ సర్వే శాస్త్రవేత్త బి. చోప్రా 1927లో భారత మేఫ్లైల మీద ‘రికార్డ్స్’లో తొలి భాగం ప్రచురించారు. ఆ తర్వాత చాలామంది పనిచేశారు. అయినా తూనీగలకున్నట్లు అన్నిటినీ ఒకచోట చేర్చిన పాత గ్రంథం వాటికి లేదు. రెక్కలొచ్చాక కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో బతికే పురుగును పట్టి పేరు చెప్పడం కష్టం. అందంలోనూ తూనీగతో పోటీ పడదు. కష్టమైనదాన్ని ఎవరూ నెత్తికెత్తుకోకపోతే వందేళ్ల తర్వాత పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

తెలుగు నేలకు వచ్చేసరికి సమస్య ఇంకో రూపంలో ఉంది. ఫ్రేజర్ కాలంలో కోస్తా, రాయలసీమ కూడా నీలగిరులున్న మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. అయినా పశ్చిమ కనుమల మీద పడినంత చూపు తూర్పు కనుమల మీద పడలేదు. ఆ తర్వాత కూడా అక్కడ సర్వేలు తక్కువే. హైదరాబాద్‌లో జువలాజికల్ సర్వేకు మంచినీటి జీవుల పరిశోధన కేంద్రం ఉంది. విశ్వవిద్యాలయాలున్నాయి. తూనీగలను ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పేర్లు తేల్చే ఔత్సాహికులు పెరిగారు. ఫ్రేజర్ సంపుటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వానలు వెలిశాక మన ఊళ్ల మీద గుంపులుగా తిరిగే పసుపు తూనీగలు, పాంటాలా ఫ్లావెసెన్స్, హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా చేరుతున్నాయని 2009లో మాల్దీవుల్లోని ఓ సముద్ర జీవశాస్త్రవేత్త ప్రతిపాదించాక వాటికి పేరు వచ్చింది. నల్లమల వాగుల్లో, పాపికొండల సెలయేళ్లలో, అరకు, మారేడుమిల్లి అడవుల్లో వానాకాలంలో ఎగిరే వాటికి ఆ పేరు రాలేదు.

ఫ్రేజర్ వలస పాలకుల ఉద్యోగి. ఆయన నమూనాలు వెళ్లింది పాలకుల రాజధానికే. ఆ నిజాన్ని దాచనక్కర్లేదు. జీతం కోసం కాకుండా, జోరు వానలో అడవికి వెళ్లి, చూసింది చూసినట్టు, చోటుతో తేదీతో సహా రాసిపెట్టిన ఆ అలవాటు మాత్రం ఏ పాలకుడి సొత్తూ కాదు. తూర్పు కనుమల్లో ఇవాళ చెక్‌డ్యాములు, క్వారీలు, రోడ్లు వస్తున్న ప్రతి వాగులో ఏముందో ఎవరో ఒకరు ఇప్పుడు రాసిపెడితేనే, ఏం పోయిందో చెప్పడం తర్వాతి తరానికి సాధ్యమవుతుంది.